కత్తిరించని వీడియో

విజయవాడ

చిరంజీవి సౌభాగ్యవతి శాంభవికి అమ్మ దీవించి వ్రాయునది. మీ నాన్నగారి మోకాలు కుదుటపడింది. దుర్గమ్మ దయవల్ల ఇంటిల్లిపాదీ కుశలం. హైదరాబాదులో మీరిద్దరూ సుఖమని తలుస్తాను.

డ్రోను ఎవరిదని అడిగావు. పెళ్ళి వీడియోలు తీసే సొలొమోనుది. ముదినేపల్లిలో మన పొలాలవైపు దాన్ని లేపుతూ, "పెళ్ళికూతురు లేని ఊరేగింపు తియ్యడం ఇదే మొదలండీ, మేడంగారూ" అన్నాడు. పక్కచేను రైతు బసవపున్నయ్య ఊరుకుంటాడా? "మా వరికంకులే పెళ్ళికూతుళ్ళు. కాస్త కిందికి దించవయ్యా, మొహాలు కనపడాలి" అన్నాడు.

కనపడ్డాయి. ఉపగ్రహచిత్రం చూసి మీ ఆఫీసు కోసం నీవు గీసిన పటంలో మాత్రం ఆ పొలాలన్నీ చేపల చెరువులు. ఆ పటం పట్టుకుని, చెరువులకు సాగునీటి వంతు లేదంటూ కాలువ అధికారులు తూము మూయబోతున్నారు. పాలుపోసుకుంటున్న పంట ఎండిపోతుంది. ఆ చిత్రం తీసింది దమ్ము చేసి, నాట్లకు నీరు నిలబెట్టిన వారంలో. అప్పుడు పైనుంచి చూస్తే ప్రతి పొలమూ చెరువే. పొగను చూసి నిప్పును ఊహించడం శాస్త్రమే, కాదనను. కాని మంచును చూసి పొగ అనుకున్నప్పుడు, దగ్గరికి వెళ్ళి చూసిన కన్నే ప్రమాణం.

"తూము మూయొద్దని నువ్వు పెట్టిన అర్జీ వెనక్కు తీసుకో అమ్మా, పటం మీద నా పేరుంది" అని వ్రాశావు. తీసుకోను. ఆ పేరు నేను పెట్టినదే. దాని మర్యాద నాకూ తెలుసు.

ఇక ఇంతవరకూ చెప్పని మాట. డ్రోను మన పొలం చెక్క మీదికి వెళ్ళేసరికి గట్లు ఎత్తయ్యాయి, నీరు నల్లబడింది, చేపలకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. సాగు చూస్తానన్న మీ సత్యనారాయణ మామయ్య, అనుమతి లేకుండా, నాకైనా చెప్పకుండా చెరువు తవ్వించాడు. నీ పటం అక్కడొక్కచోట నిజం చెప్పింది.

"అక్కా, ఆ ముక్క తీయించెయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"నచ్చని పాదం తీసేస్తే మిగిలేది పద్యం కాదురా."

"నోటీసు నీ పేరునే వస్తుంది, చూసుకో."

పట్టా నాది. మరెవరి పేరున రావాలి?

నిన్న ఆ వీడియో మొత్తం మీ పై అధికారికీ, కాలువ ఇంజనీరుగారికీ పంపాను. నీవు నా కూతురివనీ నేనే తెలియజేశాను. నీకు కోపం వస్తుంది, రానీ. మన చెరువు దాచిపెట్టి వాళ్ళ చేలు చూపిస్తే, ఆ చేలనూ ఎవరూ నమ్మరు.

తూము ఇంకా తెరిచే ఉంది. మూయడానికి వచ్చిననాడు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. డ్రోనుకు ఛార్జింగు పెట్టి ఉంచమని సొలొమోనుకు చెప్పాను.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధంగా ఉన్న
నీ తల్లి రమాసుందరి