తొమ్మిదేళ్ళలో పదకొండు కిలోమీటర్లు

నాసిక్,
నవంబర్ 3

ఘడియాళీ సాహెబ్ గారికి నమస్కారాలు.

పార్సీల వారపత్రికలో మీరు వేయించిన ప్రకటనని మా వీధిలో బేకరీ నడిపే ఆవిడ కత్తిరించి తెచ్చి నా చేతిలో పెట్టింది. "1999 సెడాన్, తెలుపు, పెట్రోలు, ఐదు గేర్లు. మంచి ఇంటికి మాత్రమే ఇవ్వబడును. ఫోన్లు వద్దు, ఉత్తరం రాయండి" అని ఉంది. కారు అమ్ముతున్నారో, పిల్లనిస్తున్నారో తేలక రెండుసార్లు చదివాను.

నాకు ఆ కారు కావాలి. ఆ పదిహేను వందల సీసీ ఇంజను గొంతు నేనెరుగుదును. మా అన్నయ్య దగ్గర అలాంటిదే ఉండేది. నేను మొత్తుకుంటున్నా వినకుండా దాన్ని అమ్మేసి, బీరువాకి చక్రాలు బిగించినట్టుండే ఎత్తు బండి ఒకటి కొన్నాడు. ఇప్పుడు ఊళ్ళో అందరివీ అవే. వంగి కూర్చునే కారంటే జనానికి నామోషీ అయిపోయింది.

ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు? డిక్కీలో స్టెప్నీ కింద తుప్పు ఉందా? ధర ఎంత? ఏదీ దాచకుండా రాయండి.

పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూసే
మందాకినీ ఖైర్నార్

తా.క. మాది మంచి ఇల్లే. షెడ్డు ఉంది, పైన రేకు ఉంది. పిల్లి కూడా ఉంది గానీ బానెట్ ఎక్కదు.

*

దాదర్ పార్సీ కాలనీ, ముంబై,
నవంబర్ 8

మందాకినీబాయి గారికి సాహెబ్‌జీ.

మొదటి ప్రకటనలో ఫోన్ నంబరు ఇచ్చి బుద్ధి తెచ్చుకున్నాను. ఒక్క పూటలో నలభై మంది. పేరు చెప్పరు, ఎలా ఉన్నారని అడగరు, ఎత్తగానే "చివరి రేటు చెప్పు అంకుల్" అంటారు. ఉత్తరం రాసేవాడికి కనీసం స్టాంపు అంటించే ఓపిక ఉంటుంది, కారుకి ఆ మాత్రం ఓపికైనా కావాలి.

నాకు డెబ్బై మూడేళ్ళు. ఫోర్ట్‌లో నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాను. మా బిల్డింగు పడగొట్టి కొత్తది కడతారట, డిసెంబర్ ముప్ఫై ఒకటికల్లా గరాజులు ఖాళీ చెయ్యాలి. ఆ తర్వాత కారుకి చోటు లేదు. పాత ఇనుము కొనే భంగార్‌వాడు ఇప్పటికే మూడుసార్లు వచ్చి దాన్ని కళ్ళతోనే తూకం వేసి పోయాడు. వాడి చేతిలో పడకముందే మనిషన్నవాడికి అప్పగించాలి. అదీ నా తొందర.

ఈ కాలం కార్లు చూడకుండా మాట్లాడుతున్నాననుకోకండి. షోరూములన్నీ తిరిగి పదకొండు సెడాన్లలో కూర్చున్నాను. మధ్యలో టీవీ పెట్టాడు. ఏసీ తగ్గించాలంటే రోడ్డు వదిలేసి టీవీ చూడాలి. నాలుగు సిలిండర్లుండాల్సిన చోట మూడు పెట్టి, ఊపు రావడానికి టర్బో అంటగట్టాడు. స్టీరింగు కస్టర్డు కలిపినంత మెత్తగా ఉంది. ధర సంగతి సరేసరి, బోర్డు మీద ఒకటి, బిల్లులో ఒకటి. ఆ బిల్లులో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఒక పద్దు. ఎవరు ఎవర్ని హ్యాండిల్ చేశారు నాయనా అని అడిగి బయటికొచ్చేశాను.

నా కారు 38,215 కిలోమీటర్లు తిరిగింది. స్టెప్నీ కింద ధన్‌సాక్ వడ్డించుకుని తినచ్చు. ధర మిమ్మల్ని చూశాక చెబుతాను.

ఇక నా ప్రశ్నలు. నడిపేటప్పుడు క్లచ్ మీద కాలు ఆనించి ఉంచుతారా? సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేస్తారా?

ఇంజను మేలు కోరే
కేకీ సొరాబ్జీ ఘడియాళీ

తా.క. హారన్ కొట్టేవాళ్ళకి అమ్మను. మా ఆవిడ తెహ్మీ దాన్ని మొత్తం మీద ఇరవై సార్లు కొట్టి ఉంటుంది. అందులో పదిహేను నన్ను కిందికి రమ్మని.

*

నాసిక్,
నవంబర్ 12

ఘడియాళీ సాహెబ్ గారికి,

ఇంట్లో కాగితాలు అయిపోయి మా ఆఫీసు కాగితం మీద రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

క్లచ్ మీద కాలా? "కాలు తియ్యండి, కాలు తియ్యండి" అని అరవడంతోనే నా జీవితం సగం గడిచిపోయింది. సిగ్నల్ దగ్గర న్యూట్రలే.

అయితే ఈ కాలం కార్లని మరీ అంత తీసిపారెయ్యకండి. బ్రేకులు మంచివి. గుద్దుకుంటే బెలూన్లు వచ్చి కాపాడతాయి. మీ దాంట్లో గుద్దుకుంటే మనల్ని కాపాడేది మన పుణ్యమే. నా గొడవంతా సర్వీసుతోనే. ఆయిల్ మార్చమని ఇస్తే ఏసీకి అత్తరు, సీట్లకి తలంటు, అడుగున పూత, పెళ్ళికూతురి ముస్తాబంతా చేసి బిల్లు చేతిలో పెడతారు. ఆయిల్ మార్చారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఒక అనుమానం. ఇరవై నాలుగేళ్ళకి ముప్ఫై ఎనిమిది వేలు మరీ తక్కువ. నిలబెట్టి ఉంచిన కారు బాగుంటుందనుకోవడం భ్రమ. రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు రాయైపోతాయి. తుడిచి తుడిచి పెట్టినా లోపల కీళ్ళు పట్టేస్తాయి.

మీ క్షేమం, కారు క్షేమం కోరుతూ
మందాకినీ ఖైర్నార్

తా.క. స్టెప్నీ కింద భోజనం చేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. పిలిస్తే వస్తాను.

*

ముంబై,
నవంబర్ 16

అమ్మా,

మీ ఉత్తరం విప్పగానే పైన ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. "ఖైర్నార్ మోటార్ డ్రైవింగ్ స్కూల్. ఇరవై రోజుల్లో గ్యారంటీ."

డ్రైవింగ్ స్కూలా? పూటకో కొత్తవాడు ఎక్కి, ఆ గేర్లని పచ్చడి బండలా తిప్పి, క్లచ్ ప్లేటు కాలి వాసన కొడుతుంటే "పరవాలేదు బాబూ, రేపు వస్తుంది" అంటారా? దానికంటే భంగార్‌వాడే నయం. వాడు ఒక్కసారే చంపుతాడు. కారు మీకు ఇవ్వను.

ఇవ్వకపోయినా అవమానం మాత్రం పడను. కీళ్ళు పట్టేశాయన్నారు కదా, నా డైరీ జెరాక్స్ తీయించి పంపుతున్నాను. ప్రతి ఆదివారం ఇంజను ఎంతసేపు తిరిగిందీ, ఆయిల్ ఎప్పుడు మార్చిందీ, మీటరులో అంకె ఎంతుందీ అన్నీ ఉన్నాయి. చదివి సిగ్గుపడండి.

ఘడియాళీ

తా.క. రబ్బరు సీళ్ళు ఎండకుండా ఏం రాయాలో మీకు తెలిస్తే చెప్పండి. ఊరికే అడుగుతున్నాను.

*

నాసిక్,
నవంబర్ 21

సాహెబ్ గారికి,

నాకు ఒళ్ళు మండింది. అందుకే రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

కారు స్కూలుకి కాదు, నాకు. నాకు యాభై ఒక్కటి. ఇరవై మూడేళ్ళుగా రోజూ తొమ్మిది గంటలు ఎడమ సీట్లో కూర్చుంటున్నాను. నా వైపు ఒక బ్రేకు, ఒక క్లచ్. స్టీరింగు మాత్రం ఎప్పుడూ ఎవరి చేతుల్లోనో, వణుకుతూ. వేలమందికి నేర్పాను. కుడి సీట్లో కూర్చుని, పక్కన ఎవరూ భయపడకుండా, నా పాటికి నేను త్ర్యంబక్ రోడ్డు మీద నడుపుకునే కారు నాకు ఒక్కటీ లేదు. అలాంటి కారు గేర్లని నేను పచ్చడి బండలా తిప్పిస్తానన్నారు మీరు.

ఆదివారం నేను దాదర్ వస్తున్నాను. నాకు బానెట్ ఎత్తి చూపించక్కర్లేదు. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. మీ కాలనీ దగ్గర ఫైవ్ గార్డెన్స్ నుంచి వర్లీ సముద్రం దాకా, అంతే. సొంతదారు రెండో గేరు నుంచి మూడుకి ఎలా మారుస్తాడో చూస్తే ఆ కారు బతుకంతా నాకు తెలిసిపోతుంది. అది చూడకుండా నేను ఏ కారూ కొనను.

కోపం పూర్తిగా తగ్గని
మందాకినీ

తా.క. సీళ్ళకి గ్లిజరిన్, పల్చగా. మెత్తటి గుడ్డతో. ఊరికే చెబుతున్నాను.

*

ముంబై,
నవంబర్ 24

మందాకినీబాయి గారికి సాహెబ్‌జీ.

తప్పు నాదే. క్షమించండి. కుడి సీటు గురించి మీరు రాసింది చదివాక కారు మీదే అనుకున్నాను. గ్లిజరిన్ రాశాను, రబ్బరు కళకళలాడుతోంది.

కాకపోతే ఈ ఆదివారం నా ఎడమ మోకాలు బాగాలేదు, అది క్లచ్ మోకాలు. వచ్చే ఆదివారం కాలనీలో ఒక పిల్లాడి నవజోత్, అదే మా ఒడుగు, భోజనాలు. ఆ పై ఆదివారం మా వీధిలో గొయ్యి తవ్వుతారని విన్నాను. అసలు పక్కన కూర్చుని ఏం చూస్తారు? రండి, నేను ఇంజను స్టార్ట్ చేస్తాను, మీరు చెవి పెట్టి వినండి. లేదా తాళాలు తీసుకుని మీరే ఒక్కరూ తిప్పుకుని రండి, నేను మావా కేక్ తెప్పించి ఉంచుతాను.

అన్నట్టు ఈ ఆటోమేటిక్ గేర్ల మీద మీ అభిప్రాయం ఏమిటి? నా ఉద్దేశంలో అవి మనిషిని సోమరిని చేస్తాయి. ఈ విషయం మీద నాలుగు పేజీలు విడిగా జతచేశాను.

మీ మేలు కోరే
కేకీ ఘడియాళీ

తా.క. గేరు మార్చడం చూసి మనిషిని తూచడం పాతకాలపు పద్ధతి. ఇప్పుడెవరూ పాటించడం లేదు.

*

నాసిక్,
డిసెంబర్ 9

సాహెబ్ గారికి,

మీ నాలుగు పేజీలు చదివాను. తర్వాత మీ డైరీ కూడా మొదటినుంచి చివరిదాకా చదివాను. అది ముందే చదివి ఉండాల్సింది.

2014 మార్చిలో మీటరు 38,204. ఇప్పుడు 38,215. తొమ్మిదేళ్ళలో పదకొండు కిలోమీటర్లు. ప్రతి ఆదివారం "ఇంజను పది నిమిషాలు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. కారు మాత్రం కదల్లేదు. మోకాలు, భోజనాలు, గొయ్యి అన్నీ కుంటిసాకులని అప్పుడర్థమైంది. గేరుబాక్సు పోయింది కదూ? ఇంజను వినిపించి, కేకు పెట్టి, కదలని కారుని నాకు అంటగడదామనుకున్నారు. ఇరవై మూడేళ్ళు ఈ వృత్తిలో ఉన్నదాని చెవిలో పువ్వు పెట్టబోయారు.

డబ్బు పోతే పోయేది. మిమ్మల్ని నమ్మాను, అదీ నా బాధ. మీ ఉత్తరం వచ్చిన రోజు స్కూల్లో అందరికీ చదివి వినిపించేదాన్ని.

నిన్న షోరూముకి వెళ్ళాను. మూడు సిలిండర్లది, టీవీ ఉన్నది. పద్దెనిమిదో తారీఖున డబ్బు కట్టాలి. అప్పటిలోగా నిజం రాస్తే సరే, లేకపోతే మీ దారి మీది.

మందాకినీ ఖైర్నార్

తా.క. హ్యాండ్లింగ్ చార్జీలు ఇక్కడా వేశారు.

*

ముంబై,
డిసెంబర్ 13

మందాకినీ డీక్రీ,

డీక్రీ అంటే మా వాళ్ళలో కూతురు. నన్ను ఇంత తిట్టాక ఇంకేమని పిలవను?

గేరుబాక్సు లక్షణంగా ఉంది. లోపం నాలో ఉంది. నాకు కారు నడపడం రాదు.

1975లో తెహ్మీ వాళ్ళ నాన్న నేర్పుతానన్నాడు. మొదటి పాఠంలోనే కారుని ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళాను. ముందుకి కాదు, లోపలికి. పన్నెండు బిస్కెట్ సీసాలు పగిలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెహ్మీ ఊపిరాడకుండా నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, "కేకీ, నువ్వు అటు జరుగు" అంది. జరిగాను. ముప్ఫై తొమ్మిదేళ్ళు అటే కూర్చున్నాను.

తను నడిపేది. నేను పక్కన కూర్చుని ఇంజను వింటూ, పత్రికల్లో చదివిందంతా చెబుతూ, ఎదురొచ్చే ప్రతి కారుకీ వంక పెట్టేవాణ్ణి. "నువ్వు మాట్లాడు, నేను నడుపుతాను, ఇద్దరం చేరతాం" అనేది. 2014 మార్చిలో తను పోయింది. 38,204 దగ్గర. ఆ పదకొండూ కారు కాగితాల కోసం ఆర్టీఓ దాకా తీసుకెళ్ళిన కిరాయి డ్రైవరువి. వాడు దాన్ని రెండో గేరులో ఏడిపిస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను.

ఆదివారం నేను కుడివైపు ఎక్కి ఇంజను స్టార్ట్ చేస్తాను. దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, నా సీట్లో కూర్చుంటాను. పది నిమిషాలు. మాట్లాడతాను కూడా. ఎవరూ ఎటూ చేరం.

నీకు కొత్త కారే కావాలంటే అదే కొనుక్కో, దాని బ్రేకులు నిజంగా మంచివే. దీన్నే తీసుకుంటానంటే నీకు సబబనిపించింది ఇవ్వు. ఒక్కటే అడుగుతున్నాను. నాసిక్ తీసుకెళ్ళే రోజున నన్ను ఇగత్‌పురి స్టేషన్ దాకా పక్కన కూర్చోనివ్వు. అక్కడ దింపేస్తే రైల్లో వచ్చేస్తాను. దారిలో నోరు విప్పను.

నీ కేకీ ఘడియాళీ

తా.క. నోరు విప్పనన్నది అబద్ధం. తక్కువ మాట్లాడతాను.

*

నాసిక్,
డిసెంబర్ 17

కేకీ కాకాకి,

మీ ఉత్తరం స్కూల్లో చదివి వినిపించబోయి మధ్యలో ఆపి, మిగతాది నాలోనే చదువుకున్నాను. షోరూము అబ్బాయికి వద్దని చెప్పేశాను, పాపం మొహం మాడ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్న రైలుకి వస్తున్నాను. కారు కొంటున్నాను, అందులో మొహమాటం లేదు. మీ షరతుకి మాత్రం ఒప్పుకోను. మిమ్మల్ని ఇగత్‌పురిలో దింపను. ఘాట్ రోడ్డంతా నేను నడుపుతాను, అది నా సరదా. మీరు ఎంత మాట్లాడినా వింటాను, ఆటోమేటిక్ గేర్ల మీద మాత్రం వాదిస్తాను. తిన్నగా నాసిక్ వస్తాం. మా స్కూలు వెనక పెద్ద మైదానం ఉంది. రెండు కిలోమీటర్ల దాకా హోటలన్నది లేదు, నేను కనుక్కున్నాను.

అక్కడ కారు ఆపి, నేను దిగి, చుట్టూ తిరిగి వచ్చి మీ తలుపు తీస్తాను. అప్పుడు మీరు అటు జరగండి కాకా. ఎడమ సీటు నాకు అలవాటే.

మీ
మందాకినీ

తా.క. పాస్‌పోర్టు ఫోటోలు మూడు, డాక్టరు సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకోండి. లెర్నర్ లైసెన్సు ఫారం నింపేశాను. వయసు గడిలో డెబ్బై మూడు అని రాస్తుంటే మా గుమస్తా చూసి, ఎవరు తాయీ ఈ కుర్రాడు అని అడిగింది. ఇరవై రోజుల్లో గ్యారంటీ అన్నది మాత్రం మీ కాపీలో కొట్టేశాను.