తువ్వాల కింద చెయ్యి

జమ్మికుంట,
3–7–1959

చి.ల.సౌ. కమలవ్వకు, నీ భర్త భూమన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ పత్తి దుకాణం క్షేమం, నేను కాదు. అమ్మకపు పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఇరవయ్యో తేదీన హాజరై లెక్కలు వివరించకపోతే ఆఫీసరు తనకు తోచినంత పన్ను వేస్తాడట. ఆ లెక్కలు రాసిన నువ్వేమో నెల రోజులుగా పుట్టింట్లో ఉన్నావు. పక్క దుకాణం రాయమల్లు "ఫికర్ చెయ్యకు సేటూ, సాబ్ నా దోస్తే, నేను జూసుకుంట" అంటున్నాడు. అప్పజెప్పనా?

ఇట్లు,
భూమన్న

తా.క.: ఇల్లు బోసిగా ఉందని రాయను. నీ కంచం మాత్రం రోజూ కడిగి పెడుతున్నాను.

మెట్‌పల్లి,
7–7–1959

మహారాజశ్రీ భర్తగారికి కమలవ్వ నమస్కారాలు.

ఆఫీసరు దోస్తని చెప్పుకునేవాడికి కాగితం ముక్క కూడా ఇవ్వకండి. పన్నుల చట్టం చదివాడా, రాసిన కాగితం కింద తన సంతకం పెడతాడా, ఆఫీసరు ముందు మీ పక్కన నిలబడతాడా అని అడగండి. కరీంనగర్‌లో లింగమూర్తి వకీలు అలాంటివాడని మా అన్న అంజన్న చెప్పాడు.

నేను మాత్రం రాను. బజారులో నలుగురి ముందు "ఆడదానివి, లెక్కలు నీకేమెరుక?" అని మీరన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇట్లు,
కమలవ్వ

తా.క.: నా కంచం సరే, మీరు తిన్నది కూడా కడగండి.

జమ్మికుంట,
12–7–1959

కమలా,

వకీలు మంచివాడే. నీ ప్రశ్నలన్నిటికీ "ఔ" అన్నాడు. ఫీజు దగ్గరే చెడింది. మన పత్తి బజారులో బేరం చేసినట్టే, ఆయన చేతి మీద తువ్వాల కప్పి, కింద వేళ్లు నొక్కి ధర చెప్పాను. ఆయన గభాలున లేచి "గిదేంది! లంచమా? నన్ను జైలుకు తోలుతవా?" అని అరిచాడు. బయటికి వచ్చి చూసుకుంటే తువ్వాల లేదు, వకీలూ లేడు.

పన్ను ఆఫీసుకే పోయి అడిగాను. వకీలు దొరక్కపోతే ఇంటివాళ్లు మాట్లాడినా సరే, పేరు రాసివ్వమన్నారు. రాసి, సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో కూడా చేయించి, నీ లెక్కల పుస్తకంతో పాటు పంపుతున్నాను: "లెక్కలు నా భార్య కమలవ్వకు తెలుసు. నాకు తెలియవు."

నువ్వు లేక నాకేమీ తోచడం లేదు.

నీ భూమన్న

తా.క.: సాక్షులిద్దరూ ఆరోజు బజారులో ఉన్నవాళ్లే.

మెట్‌పల్లి,
16–7–1959

భర్తగారికి కమలవ్వ నమస్కారాలు.

మీ కాగితం పట్టుకుని అంజన్నతో కరీంనగర్ పోయాను. తువ్వాల సంగతి చెబితే వకీలుగారు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. "గట్లనా అమ్మా! నేనే పరేషాన్ అయి ఆయనను తరిమిన" అన్నారు. ఫీజు నోటితోనే మాట్లాడుకున్నాం. ఇరవయ్యో తేదీన ఆయనే మీ పక్కన నిలబడతారు. నేను రాసిన లెక్కలు చూసి, ఇక నాతో పని లేదన్నారు. మీ కాగితం కూడా అవసరం లేదట. దాన్ని నా పెట్టెలో చీరల కింద దాచుకున్నాను.

ఏ పనీ లేకపోయినా శనివారం బస్సుకు వస్తున్నాను. నాకూ మీరు లేక తోచడం లేదు.

ఇట్లు,
మీ కమల

తా.క.: వకీలుగారు మీ తువ్వాల ఇచ్చారు, తెస్తున్నాను. బస్సు దిగాక నా చెయ్యి పట్టుకోవాలనిపిస్తే, మీద అది కప్పనక్కర్లేదు.