కుడి చెవితో విన్న క్యామ్ చైన్

బుధవారం

చేపల బుట్టతో మొగుడి బండి వెనక కూర్చొని నా మెకానిక్ షెడ్డుకి వచ్చిన అప్పలమ్మ ఈరోజు నా పరువు తీసింది. పాత బండి, ఇంజిన్‌లో చప్పుడొస్తోందని తెచ్చారు. ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి కుడి చెవికి పెట్టుకుని విన్నాను.

"ఏటీ లేదు, తీసుకెళ్లిపోండి" అన్నాను.

"అదేటన్నయ్యా, ఇక్కడ నిలబడ్డ నాకే ఇనిపిస్తన్నాది" అంది.

విసుగ్గా పిడి ఎడమ చెవికి మార్చాను. ఇంజిన్ లోపలుండే క్యామ్ చైన్ వదులై గలగలా కొట్టుకుంటోంది.

చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ నట్టు వదులు చేసి, చైన్ బిగువు సరిచేసి, ఎడమ చెవితోనే మళ్లీ విన్నాను. "ఇప్పుడే మొదలైనాదిలే" అని అబద్ధమాడాను.

ముప్పై ఏళ్లు ఇంజిన్లకి ఆనించిన చెవి. ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

పోయిన నెల తమ్ముడు సూరి బండినీ కుడి చెవితోనే విని పంపేశాను. శ్రీకూర్మం దారిలో అదే క్యామ్ చైన్ తెగి ఇంజిన్ పాడైంది. ఆయిల్ మార్చవేంట్రా వెధవా అని నలుగురిలో తిట్టాను. వాడు తలదించుకున్నాడు.

తప్పు నా చెవిదేనని చెప్పేద్దామనే సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే, "అన్నా, ఇప్పుడు నెలనెలా ఆయిల్ మారుస్తన్నాను" అన్నాడు.

ఎడమ చెవికి బాగానే వినిపించింది. మంచిదిరా అన్నాను.