మెత్తబడిన వేలు

కడప, మే 2007, శుక్రవారం

ఎండలో బస్సు దిగి నేరుగా వీణ సారు ఇంటికి వెళ్లాను. నేను తిరిగిన ఊళ్ల ఫోటోలన్నీ వాళ్ల కోడలు నా బ్లాగులో ఆయనకు చూపించి, కింద రాసిన ప్రతి ముక్కా చదివి వినిపించిందట. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన నా ఎడమ చెయ్యి అందుకుని, తీగ నొక్కే చూపుడువేలి కొసను తడిమి చూశారు. అక్కడ కాయ కాసి ఉండాలి.

"శానా మెత్తగా ఉండాది పాపా. వీణ ముట్టి ఎన్ని దినాలైంది?"

ఇరవై రోజులు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఫోటోలు బాగుండాయిలే" అని లోపలికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి వీణ ముందు కూర్చున్నాను. పది నిమిషాలకే వేలు మండింది, నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజుల్లోలాగా. ఒళ్లంతా ఒకటే అలసట, అయినా నిద్ర రావడం లేదు.

గండికోట బండ మీదికి వీణ మోసుకెళ్లింది ఫోటో కోసమే. తీయగానే మళ్లీ గుడ్డ చుట్టేశాను. ఆ ఫోటో కింద ఎవరో, "అక్కడ ఏం వాయించారండీ?" అని అడిగారు. మోహన రాగం అని జవాబు రాశాను.

కోడలు సారుకు చదివి వినిపించిన ప్రతి ముక్కా అంటే, అది కూడా.