కడిగేసిన వగరు

తమ్ముడూ,

పోయిన ఉత్తరంలో నిన్ను అనరాని మాటలన్నాను. నువ్వు పంపిన బెరడు పొడి ఉత్త దుమ్మనీ, నలభై రోజులు దాణాలో కలిపినా పాలు చెంచాడు కూడా పెరగలేదనీ రాశాను. ఆ ఉత్తరం మీ పై అధికారికి చూపించకు. చూపించేసి ఉంటే తప్పు మా ఇంట్లోనే జరిగిందని చెప్పు. నా మూలంగా నీ రెండేళ్ళ పరిశోధన ఆగిపోకూడదు.

నిన్న పశువుల పాకలోకి రోజూకన్నా ముందే వెళ్ళాను. మీ బావ నీ పొడిని బకెట్లో నానబెట్టి, గుడ్డలో పిండి, డికాక్షన్‌లా దిగిన ఎర్రనీళ్ళు కాలవలో పారబోస్తున్నారు! ఇదేమిటని అడిగితే, "నోట్లో వేసుకుని చూశాను, ఒకటే వగరు. మూగజీవాలు, పాపం, ఎలా తింటాయే?" అన్నారు. మొదటి రోజునుంచీ ఇదే వరసట.

ఆ వగరుంటేనే దాణాలోని ప్రొటీన్ ఆవు మొదటి పొట్టలో కరిగిపోకుండా పేగుదాకా చేరి ఒంటబడుతుందని నువ్వు చెప్పావు. నేను ఆయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బుద్ధిగా తలూపారు. ఆవులకి మాత్రం రోజూ పిప్పే పెట్టారు. నేను జ్వరంలో చేదు మందు తాగలేక ఏడుస్తుంటే "కళ్ళు మూసుకుని మింగెయ్" అన్నది ఈయనే!

ఇంకో సంచి పంపు, మళ్ళీ మొదలుపెడతాను. దాని మీద 'కడగరాదు' అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించు. నా మాట చెవికెక్కదు గానీ, అచ్చులో ఉంటే ఆయనకి వేదమే.

ఇట్లు,
ఈ ఇంట్లో ఆవుపాటి చెయ్యని
మీ అక్క