గుండెకు గుండెకాయ

కోడుమూరు,
4-2-1957

చిరంజీవి మద్దయ్యకు,

నీ బావ పెద్ద ఈరన్న కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ఆశీర్వదించి రాస్తున్నాడు. ఉభయకుశలం అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ ఇంట్లో కుశలం మీ అక్క హనుమంతమ్మకు ఒక్కదానికే ఉంది.

పోయిన నెల నేను కడపకు వచ్చినప్పుడు, నువ్వు కాంపౌండరుగా ఉన్నావు గదా అని నీ మాట మీద మీ డాక్టరు నా కాలి వేలు చూశాడు. రక్తం తీసి, మద్రాసుకు పంపి పరీక్ష చేయిస్తానన్నాడు. ఆ రక్తం ఏమైంది? కుడికాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి నున్నగా మెరుస్తోంది. మగ్గం గుంతలో కాలు దించి కర్ర తొక్కబోతే ప్రాణం నెత్తికెక్కుతోంది. చీర సగంలో ఆగిపోయింది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకున్నాను.

మీ అక్క వైద్యం మాత్రం ఆగలేదు. మీ పుట్టింటి పద్ధతి నీకు చెప్పేదేముంది? మనిషికి ఏ అవయవం చెడితే మేకలో ఆ అవయవం తినాలి. కాబట్టి పొద్దున్నే మేక కాళ్ళ షేర్వా. తాగిన రోజు నొప్పి ఇంకా ఎక్కువవుతోందని చెప్పాను. "నొప్పి బయటికి పోయేటప్పుడు అట్లే ఉంటాదిలే, తాగు" అంటుంది.

రక్తం సంగతి వెంటనే తెలియజేయి.

ఇట్లు,
ఒంటికాలి మీద నీ బావ,
పెద్ద ఈరన్న

తా.క.: ఊళ్ళో మేకలు నన్ను చూసి పక్క సందులోకి తిరుగుతున్నాయి.

*

కడప,
9-2-1957

గౌరవనీయులైన బావగారికి మద్దయ్య నమస్కరించి రాసుకునేది.

మద్రాసు నుంచి ఫలితం వచ్చింది. మీ రక్తంలో యూరిక్ యాసిడ్ అనేది తొమ్మిది ఉందట. ఆరు దాటితేనే ఎక్కువ. మాంసం లాంటివి తిన్నప్పుడు ఒంట్లో తయారయ్యే మురికి అది. మూత్రంలో బయటికి పోవాలి. పోకుండా మిగిలితే సన్నని సూదుల్లా గట్టిపడి కీళ్ళలో చేరుతుంది. మీ వేలిని పొడుస్తున్నది అదే.

ఇంకొక మాట ఉంది. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. డాక్టరుగారికి అమెరికా నుంచి వైద్య పత్రికలు వస్తాయి. గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తం చూస్తే చాలామందిలో ఈ యాసిడ్ ఎక్కువగా కనబడిందట. ఇదే గుండెను దెబ్బతీస్తుందో, ఊరికే రెండూ జతగా తిరుగుతాయో ఇంకా ఎవరూ తేల్చలేదన్నారు. అయినా తొమ్మిది అనగానే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఊరికే అట్లా చేసే మనిషి కాదు.

మాంసం మానేయండి. కల్లు ముట్టొద్దు. నీళ్ళు బాగా తాగండి. ఛాతీ పట్టేసినట్టున్నా, ఎడమ చేయి లాగినా, ఒళ్ళంతా చెమట పట్టినా ఉన్నపళంగా కర్నూలు పెద్దాసుపత్రికి పోండి. రేపు చూద్దాం అనుకోవద్దు.

మీ ఆరోగ్యం మీద కన్నేసి ఉన్న,
మద్దయ్య

తా.క.: గుండె మాట అక్క చెవిన వేయొద్దు. ఆమె భయపడితే ఊరంతా భయపడుతుంది.

*

కోడుమూరు,
14-2-1957

మద్దయ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాకు ఈమధ్య అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయి. రాయడానికైతే చేయి అలవాటు మీద పోతుంది గానీ, వచ్చిన ఉత్తరాలు మీ అక్కే గట్టిగా చదివి వినిపిస్తుంది. ఆ సంగతి నీకు ముందే చెప్పి ఉండాల్సింది. తాజా కలం దాకా గడగడా చదివి ఆగింది. ఆ ముక్క మళ్ళీ ఒకసారి చదివింది. తరువాత ఉత్తరం మడిచి రవికలో పెట్టుకుని, వాకిట్లోకి పోయి ఏడ్చింది. నువ్వన్నట్టే ఊరంతా భయపడింది.

ఇప్పుడు చుట్టాలు నన్ను చూడ్డానికి వస్తున్నారు. మా చిన్నాన్న కొడుకు పుల్లన్న మంచం పక్కన కూర్చుని, "ఏమప్పా, బాగుంటివి గదప్పా" అని నేనిప్పుడే పోయినట్టు మాట్లాడాడు. మా అక్క గిడ్డమ్మ నందికొట్కూరు నుంచి వచ్చి, నా ముఖం చూసి, నా ఫోటో ఎక్కడుందని అడిగింది.

నీ మాట మాత్రం దాటలేదు. ఇంట్లో మాంసం ఒక్క ముక్క లేదు. మీ అక్క కటికాయనకు ఖండితంగా చెప్పింది: "ఇంగ మా ఇంటికి మాంసం వద్దు. గుండెకాయలు, కారిజాలు మాత్రం యాడికీ పోనియ్యకుండా నాకే పెట్టు." పొద్దున గుండెకాయ వేపుడు, సాయంత్రం కారిజం పులుసు. జబ్బు మనిషిని చూడ్డానికి ఎవరూ వట్టి చేతులతో రారు గదా, వాళ్ళూ తలా ఒక గుండెకాయ వండి తెస్తున్నారు. డాక్టరు మాటకు ఇంత మర్యాద ఇచ్చిన ఇల్లు మీ కడపలో కూడా ఉండదు.

అయినా వేలు తగ్గలేదు. రెండో కాలికీ వచ్చింది. పడుకుంటే గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. నీకు దాచేదేముంది, నాకు భయంగా ఉంది.

ఇట్లు,
రెండుకాళ్ళూ పోయిన నీ బావ,
పెద్ద ఈరన్న

తా.క.: మీ అక్క రాయమంటోంది: "అక్కకు దాపెట్టే తమ్ముడు నాకొద్దు." ఆమె పక్కనే ఉంది కాబట్టి రాశాను.

*

కడప,
18-2-1957

బావా,

నమస్కారాలు తరువాత. ముందు పొయ్యి మీది వేపుడు దించమనండి.

మీ ఉత్తరం డాక్టరుగారికి వినిపించాను. "కారిజమంటే లివరే గదా" అని లేచి నిలబడ్డారు. మామూలు మాంసం కన్నా గుండెకాయ, కారిజం, మూత్రపిండాలు, మెదడు, ఇవే ఈ యాసిడ్‌ను ఎక్కువ పుట్టిస్తాయట. "మాంసం వద్దని చెప్పాను గదయ్యా" అని నా మీద కోప్పడ్డారు. మన ఇళ్ళలో కారిజం మాంసం కాదు, మందు అని ఆయనకు ఎట్లా చెప్పేది?

బావా, మొన్న ప్రొద్దుటూరు నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. మీ ఈడువాడే. మీలాగే వేలు నొప్పితో కుంటుతూ వచ్చాడు. బల్ల మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పుతూ పక్కకు ఒరిగాడు. నేను సూదిమందు తెచ్చేలోపే అయిపోయింది. ఆయన భార్య బయట పండ్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు నేనే పోయి చెప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి కళ్ళు మూసుకుంటే ఆ బెంచీ మీద మా అక్కే కనబడుతోంది.

మాత్రలు బస్సు డ్రైవరుతో పంపుతున్నాను. మజ్జిగ, రొట్టె, ఆకుకూర, నీళ్ళు. ఇవి తప్ప ఏమీ నోట్లో పెట్టుకోవద్దు.

భయంతో,
మద్దయ్య

తా.క.: అక్కా, చదువుతున్నది నువ్వేగదా. నీ కాళ్ళు మొక్కుతాను, బావకు అవి పెట్టొద్దు.

*

కోడుమూరు,
27-2-1957

మద్దయ్యకు నీ బావ నిలబడి ఇస్తున్న ఆశీస్సులు.

మాత్రలు బాగా పనిచేశాయి. వాపు దిగింది. మళ్ళీ మగ్గంలోకి దిగాను. తాజా కలం చదివి మీ అక్క పొయ్యి మీది వేపుడు దించింది. తరువాత, "బావకు పెట్టద్దన్నాడు, పెట్టను" అంది. అప్పటి నుంచి నాకు జొన్నరొట్టె, మజ్జిగే.

చుట్టాలు మాత్రం ఆగలేదు. ప్రేమతో వండి తెచ్చింది వద్దంటే వాళ్ళ ముఖం మీద తలుపు వేసినట్టే. పారేయడానికి మీ అక్కకు చేతులు రావు. రోజూ నేను తిన్నాక, నా ఎదురుగానే కూర్చుని, కారిజం అంతా తానే తింటుంది. నేను మజ్జిగ తాగుతూ చూస్తుంటాను. ఇంత కష్టం ఏ జబ్బులోనూ లేదు.

నాకు గుండెపోటు వస్తే ఎవరేం చేయాలో ఆమె వీధిలో పంచిపెట్టింది. మా ఇంట్లో కేక వినబడగానే పుల్లన్న, ఇంకా ముగ్గురు వచ్చి నన్ను ఎత్తాలి. బండి వాకిట్లోనే ఉంటుంది. దారిలో నన్ను మాట్లాడనివ్వకూడదు. రాత్రి నా ఛాతీ మీద చేయి వేసుకుని పడుకుంటుంది, గుండె ఆడుతోందో లేదో చూడ్డానికట. ఆమెకు నిద్ర లేదు, నాకు ఊపిరాడదు.

ఇట్లు,
అందరూ కాపలా కాస్తున్న నీ బావ,
పెద్ద ఈరన్న

తా.క.: నేను కుంటడం మానేశాక ఆమె మొదలుపెట్టింది. అడిగితే, "నీ నొప్పి చూసి చూసి నాకూ వచ్చినాదిలే" అంటుంది.

*

కడప,
4-3-1957

బావగారికి మద్దయ్య మనసారా నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిన్నాను. గండం గట్టెక్కినట్టే. డాక్టరుగారు మీ రక్తం మరోసారి చూడాలన్నారు. ఈ నెలలో ఒకసారి కడపకు రండి. అక్క చేసిన కట్టుదిట్టాలు విని ఆయన కూడా మెచ్చుకున్నారు. మీ గుండెకు ఇంక నేను భయపడను.

స్థిమితపడిన,
మద్దయ్య

తా.క.: ఒకరి కాలి నొప్పి ఇంకొకరికి అంటుకోదని అక్కకు చెప్పండి. మీ మీద ప్రేమ ఉంటే ఉండనీ, కుంటడం ఎందుకు?

*

పెద్దాసుపత్రి, కర్నూలు,
16-3-1957

మద్దయ్యా,

ముందు ఇది చదువు: ప్రాణానికి భయం లేదన్నారు. ఇప్పుడు కూర్చుని మిగిలింది చదువు.

పోయిన ఆదివారం సాయంత్రం నేను మగ్గంలో ఉండగా పొయ్యి దగ్గర నుంచి కేక వినబడింది. రెప్పపాటులో వీధంతా వచ్చి పడింది. పుల్లన్న, మిగతా ముగ్గురు చెప్పింది చెప్పినట్టు చేశారు. నన్ను గుంతలో నుంచి ఎత్తి బండిలో పడుకోబెట్టి ఎద్దులను అదిలించారు. "నాకు కాదురా" అని అరిచాను. "మాట్లాడద్దప్పా, గుండెకు మంచిది కాదు" అని పుల్లన్న నా నోరు మూశాడు. వాడి చేయి కొరికి కిందికి దూకేసరికి బండి వీధి మలుపు తిరిగింది.

వెనక్కి పరిగెత్తాను. మీ అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. కుడిచేత్తో ఎడమ చేయి పట్టుకుని ఉంది. పక్కన ఒక్కరు లేరు, అందరూ నా బండి వెంట పోయారు. నన్ను చూసి, "పరిగెత్తద్దు, నీ గుండె ఏమైతాది" అంది.

అదే బండి వెనక్కి తిప్పి, బస్టాండులో లారీ పట్టుకుని కర్నూలు తెచ్చాం. దారి పొడుగునా నా చేయి ఆమె ఛాతీ మీదే ఉంది. అహోబిలం నరసింహస్వామిని మొక్కానో తిట్టానో నాకే తెలియదు. గుండెపోటేనన్నారు, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు.

నీ ఉత్తరాల సంగతి చెబితే ఇక్కడి డాక్టరు ఆమె రక్తం కూడా పరీక్ష చేయించాడు. పదిన్నర. కాలి వేలు ఎప్పటి నుంచి నొప్పి అని అడిగాడు. "ఈయనకు రాకముందు నుంచే సార్" అంది. మరి ఎందుకు చెప్పలేదన్నాడు. "ఇద్దరం మంచం పడితే వండేదెవరు?" అంది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను మద్దయ్యా. నా రక్తంలో ఎంతుందో కోడుమూరులో అందరికీ తెలుసు. ఆమె రక్తం సంగతి నాకే తెలియదు.

ఇప్పుడు రొట్టె, మజ్జిగ ఆమెకు. వండేది నేను. చుట్టాలు క్యారియర్లు తెస్తే ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి వెనక్కి పంపుతున్నాను. గిడ్డమ్మక్క నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే పోనీ.

ఇట్లు,
మీ అక్క మంచం పక్క నుంచి,
ఈరన్న

తా.క.: ఈ జబ్బు ఒక్కొక్కసారి ఒక కడుపున పుట్టినవాళ్ళందరికీ వస్తుందట. తోడబుట్టినవాళ్ళున్నారా అని డాక్టరు అడిగాడు. "ఒక తమ్ముడుండాడు సార్, అందరికీ జాగ్రత్తలు చెప్తాడు" అంది. ఆ వెంటనే దిగ్గున లేచి కూర్చోబోయింది, పట్టుకుని పడుకోబెట్టాం. జవాబులో మా కుశలం అడగొద్దు. ముందు చెప్పు విప్పి నీ కాలి వేలు చూసుకుని, అది రాయి.