నీ ఎడిటింగ్ గదిలో కొత్త కంప్యూటర్

పద్మా,

నువ్వు చనిపోయిన రోజు పొద్దున, "భాగాలు మార్చుకునే వీలు పెట్టమన్న నా ఉత్తరానికి కంప్యూటర్ కంపెనీ జవాబిచ్చిందా?" అని అడిగావు. ఇచ్చిందన్నాను. కొత్త మోడల్‌ను మనమే విప్పి భాగాలు మార్చుకోవచ్చట అన్నాను. అబద్ధం చెప్పాను. కొత్తదీ విప్పలేని పెట్టే. ఒక్క భాగం పాతబడినా మొత్తం కొత్తది కొనాలి. ఫిల్మ్‌నగర్ ఎడిటర్లు ఒక్కొక్కరే వేరే కంపెనీల కంప్యూటర్లకు మారారు. నా షాపులో నేనూ ఇప్పుడు అవే అమ్ముతున్నాను.

ఈరోజు నీ స్టూడియో మేనేజరు ఫోన్ చేశాడు.

"పాతవాటిలో మేడంగారిదొక్కటే మిగిలిందండీ. అదీ మార్చేయండి. ఆవిడుంటే ఒప్పుకునేవారు కాదు. అప్పుడు ఆవిణ్ణే మార్చాల్సి వచ్చేది" అని నవ్వాడు.

బేరం పోతుందని నేనూ నవ్వాను.

రేపు పొద్దున్నే వెళ్లి నీ కంప్యూటర్ తీసేసి, కొత్తది నేనే బిగిస్తాను.